ముందు దవాఖాన, తర్వాత ఊరు: దోస్తు వైద్యానికి తోడు పోయేటోళ్లకు

మీరు పుణెలోనో ముంబైలోనో బెంగళూరులోనో పని చేస్తుంటారు. మీతో కలిసి బడికి పోయిన దోస్తుకు క్యాన్సర్ అని తేలింది, హైదరాబాద్‌లో కీమో నడుస్తోంది. అమ్మానాయన జడ్చర్ల దగ్గరో దేవరకొండ దగ్గరో సొంతూర్లో ఉన్నారు. మీకు పది రోజుల సెలవు దొరికింది. ఆ పది రోజుల్లో దోస్తుకు నిజంగా అక్కరకొచ్చి, ఇంటోళ్ల దగ్గర కూడా తృప్తిగా ఉండి రావడం ఎట్లాగో రాస్తున్నాం. ఊర్లోనే ఉండి పట్నం పోయేటోళ్లకు కూడా సెలవుల సంగతి తప్ప మిగతాదంతా ఇదే.

అన్నిటికన్నా ముఖ్యమైనది మొదలే చెప్తాం. ముందు దవాఖానకు పోండి, తర్వాతే ఊరికి. చాలామంది దీన్ని తిరగేస్తారు. బెంగళూరు నుంచి వచ్చేటోళ్లకు గద్వాల, కొత్తకోట, జడ్చర్ల దారిలోనే తగులుతాయి కాబట్టి ఇంట్లో రెండ్రోజులుండి అటునుంచటే పట్నం పోదామనుకుంటారు. ఆ రెండ్రోజుల్లో అన్న పిల్లల జలుబో, పక్కింటి పెండ్లిలో ఎవరి దగ్గో మీకు అంటుకుంటుంది. మీకది నాలుగు రోజుల పడిశెం. కీమోతో, రోగాలను అడ్డుకునే తెల్లకణాలు పడిపోయిన మనిషికి అదే ప్రాణం మీదికి తెస్తుంది. గొంతులో గరగర ఉన్నా సరే, ప్రయాణం వారం వాయిదా వేసుకోండి. దోస్తు ఏమీ అనుకోడు.

ఎప్పుడు పోవాలి

జబ్బు బయటపడ్డ మొదటి వారం మంచం చుట్టూ సుట్టాలే ఉంటారు. మూడో సైకిల్ (కీమో వంతు), నాలుగో సైకిల్ వచ్చేసరికి బావమరిది సెలవులు అయిపోతాయి, తమ్ముడికి పొలం పని మీదపడుతుంది, భార్య ఒక్కతే ఫైల్ పట్టుకొని తిరుగుతుంటుంది. మీరు పోవాల్సింది అప్పుడు. ఫోన్ చేసి "ఏమన్న కావాల్నా వదినా" అంటే "ఏం లేదన్నా, మీరు అడిగిన్రు చాలు" అంటుంది. అట్లా కాకుండా "వదినా, వచ్చే కీమో ఏ తారీఖు? ఆ మూడు రోజులు నేనుంట, నువ్వు ఇంటికి పోయి పిల్లలను చూసుకో" అనండి. తారీఖు, పని రెండూ చెప్తేనే ఆమె మీ మీద భరోసా పెట్టుకుంటుంది. చెప్పాక మాత్రం తప్పొద్దు. మీరొస్తారని ఆమె ఇంకొకరిని వద్దని ఉంటుంది.

కీమో చాలావరకు 21 రోజులకొకసారి, కొన్ని రకాలకు 14 రోజులకు, ఇంకొన్నిటికి వారానికొకసారి ఉంటుంది. మందు ఎక్కిన తర్వాత 7 నుంచి 14 రోజుల మధ్య రక్తకణాలు అన్నిటికన్నా కిందికి పోతాయి. కాబట్టి పది రోజుల సెలవును ఇట్లా వాడుకోవచ్చు: కీమోకు ఒక రోజు ముందు పట్నంలో దిగండి, కీమో రోజు, ఆ తర్వాత రెండు రోజులు పక్కనే ఉండండి. అతన్ని ఇల్లు చేర్చి మీ ఊరికి పోండి. మిగిలిన ఐదారు రోజులు అమ్మానాయనవి. తిరుగు ప్రయాణంలో అతన్ని మళ్లీ చూడాలనిపిస్తుంది, కానీ అవే కణాలు పడిపోయి ఉండే రోజులు. ఒంట్లో ఏ నలతా లేకపోతేనే, మాస్క్ కట్టుకొని, వాకిట్లో పది నిమిషాలు కూర్చొని రండి.

దారి

నల్లగొండ, సూర్యాపేట, నకిరేకల్ బస్సులు నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా ఎల్బీనగర్‌కు వస్తాయి. అక్కడే దిగిపోండి. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ దాకా ట్రాఫిక్‌లో కూర్చోవాల్సిన పని లేదు. ఎల్బీనగర్‌లో మెట్రో ఎర్ర లైన్ మొదలవుతుంది కాబట్టి సీటు దొరుకుతుంది, జబ్బుమనిషి వెంట ఉన్నప్పుడు అది చిన్న విషయం కాదు. ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖాన రెడ్‌హిల్స్‌లో ఉంది. నాంపల్లిలోనో లకడీకాపూల్‌లోనో దిగి ఆటో మాట్లాడుకోండి. నిమ్స్‌కైతే ఎర్రమంజిల్ గానీ పంజాగుట్ట గానీ. మహబూబ్‌నగర్, షాద్‌నగర్ బస్సులు శంషాబాద్, ఆరాంఘర్ మీదుగా వస్తాయి. బంజారాహిల్స్ వైపు దవాఖానకు పోయేటోళ్లు ఆరాంఘర్‌లో దిగి మెహిదీపట్నం బస్సు పట్టుకుంటే దారి కలిసొస్తుంది. మిగతావాళ్లు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో దిగితే మెట్రో స్టేషన్ పక్కనే. ఎర్ర లైన్‌లో వచ్చేటోళ్లు గాంధీ దవాఖానకు అక్కడే లైన్ మారాలి, ఆకుపచ్చ లైన్‌లో దవాఖాన పేరుతోనే స్టేషన్ ఉంది. ఉస్మానియా దవాఖానకు బస్‌స్టేషన్ నుంచి ఆటో చాలు.

పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు టికెట్ లేదు. అయితే చూపించే గుర్తింపు కార్డులో తెలంగాణ చిరునామా ఉండాలి. పుణెకు పోయాక ఆధార్ అక్కడికి మార్చుకున్న చెల్లెలికి, భార్యకు ఇది వర్తించదు, చార్జీ పెట్టుకోవాల్సిందే. రైలులో వచ్చే క్యాన్సర్ పేషెంటుకు స్లీపర్‌లో చార్జీ పూర్తిగా మాఫీ, వెంట ఒక్కరికి 75 శాతం తగ్గింపు ఉంది. దానికి రైల్వే నమూనా ఫారం మీద దవాఖాన డాక్టర్ సంతకం, ముద్ర కావాలి. డిశ్చార్జ్ రోజు హడావిడిలో అడిగితే దొరకదు, ముందే రాయించుకోండి.

కాగితాలు

దోస్తు చేతి సంచిలో స్కానింగ్ ఫిల్ములు, మందుల చీటీలు, రసీదులు అన్నీ కలగాపులగంగా ఉంటాయి. మీరు చేసే మొదటి మేలు దాన్ని సర్దడమే. 40 పేజీల ప్లాస్టిక్ కవర్ల ఫైల్ ఒకటి కొనండి. మొదటి కవర్లో ఒకే ఒక్క కాగితం: పేరు, వయసు, బ్లడ్ గ్రూపు, జబ్బు పేరు డాక్టర్ రాసినట్టే, కీమో మందుల పేర్లు, ఇప్పటిదాకా అయిన సైకిళ్ల తారీఖులు, పడని మందులు, డ్యూటీ డాక్టర్ నంబర్. రాత్రిపూట వేరే దవాఖానకు ఉరకాల్సి వస్తే ఈ కాగితమే మాట్లాడుతుంది. రెండో కవర్లో బయాప్సీ (ముక్క పరీక్ష) రిపోర్ట్. తర్వాతివన్నీ తారీఖు వరసలో, కొత్తది పైకి. స్కాన్ ఫిల్ములు మడతపెట్టొద్దు.

ఆరోగ్యశ్రీ కింద వైద్యం అయితే రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు పది జతలు, పాస్‌పోర్ట్ ఫొటోలు ఆరు దగ్గర పెట్టుకోండి. పని ఎక్కువగా ఆగిపోయేది పేరు దగ్గర: ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, రేషన్ కార్డులో పొడి అక్షరంతో ఉంటుంది, లేదా పెండ్లయ్యాక కార్డు మారదు. మొదటి రోజే దవాఖానలోని ఆరోగ్యమిత్ర (ఆరోగ్యశ్రీ పని చూసే మనిషి) కౌంటర్‌లో రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూపించండి. కీమో కొన్ని రకాలు వేలిముద్రలను అరగదీస్తాయి. యంత్రం వేలు తీసుకోకపోతే కంగారు పడకుండా వేరే పద్ధతి ఏముందో అడగండి. ఆరోగ్యశ్రీ సందేహాలకు 104కు ఫోన్ చేయొచ్చు. తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి పరిమితి 10 లక్షల రూపాయలు.

ముఖ్యమంత్రి సహాయనిధికి రెండు దారులున్నాయి. వైద్యానికి ముందే కావాలంటే దవాఖాన ఇచ్చిన ఖర్చు అంచనాతో ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా ఎల్‌ఓసీ (ఖర్చు సర్కారు కడుతుందని దవాఖానకు ఇచ్చే పత్రం) అడగాలి. ప్రైవేటులో అయిపోయిన ఖర్చుకైతే డిశ్చార్జ్ తర్వాత అసలు బిల్లులతో దరఖాస్తు చేయాలి. అసలు బిల్లు పోతే ఆ మొత్తం పోయినట్టే. మెడికల్ షాపు రసీదు సిరా నెల తిరిగేసరికి వెలిసిపోతుంది, ఆరోజే ఫొటో తీసి జిరాక్స్ పెట్టండి. నియోజకవర్గంలో ఆ ఆఫీసుకు తిరగడం ఊర్లో మీరుండే ఐదు రోజుల్లో మీరే చేయగల పని. దోస్తు భార్యకు ఇది ఎంత పెద్ద బరువు తగ్గిస్తుందో చెప్పలేం.

కీమో రోజు

సీబీసీ (రక్తకణాల లెక్క), కిడ్నీ, లివర్ పరీక్షలు చూసి గానీ మందు ఎక్కించరు. తెల్లకణాలు సరిపోకపోతే వారం వాయిదా. అంతదూరం వచ్చి వట్టి చేతులతో తిరిగిపోవడం చాలామందికి అనుభవమే. బయటి రిపోర్ట్ తీసుకుంటారేమో ముందే కనుక్కోండి. తీసుకుంటే ఒకట్రెండు రోజుల ముందు నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో రక్తం ఇప్పించి, రిపోర్ట్ ఫోన్‌లో పంపి, రమ్మన్నాకే బయల్దేరొచ్చు.

పొద్దున అతను తేలికగా తిని రావాలి. ఇడ్లీనో పెరుగన్నమో, ఖాళీ కడుపుతో వద్దు. బిగుతు చేతుల చొక్కా కాకుండా మోచేతి దాకా సులువుగా మడిచే చొక్కా వేసుకోమనండి. సంచిలో దుప్పటి (ఆ గదుల్లో చలి ఉంటుంది), మూత ఉన్న నీళ్ల సీసా, గట్టి ప్లాస్టిక్ కవర్లు నాలుగు, చిన్న తువ్వాలు, చార్జర్, చిల్లర. మీకు కింద పరుచుకోవడానికి ప్లాస్టిక్ చాప.

డ్రిప్ ఎక్కుతున్నంతసేపు మీ కన్ను సూది గుచ్చిన చోటి మీద ఉండాలి. అక్కడ మంట, వాపు, ఎర్రబడటం కనిపిస్తే వెంటనే సిస్టర్‌ను పిలవండి, ఆమె వచ్చేదాకా ఆగొద్దు, మళ్లీ పిలవండి. కొన్ని మందులు నరం బయటికి కారితే కండను కాల్చేస్తాయి. మీరు రుద్దొద్దు, కాపడం పెట్టొద్దు, డ్రిప్ చక్రాన్ని తిప్పొద్దు. "కొంచెం తొందరగా ఎక్కియ్యమను, బస్సుంది" అన్న మాట అసలే వద్దు. ఎంతసేపు ఎక్కాలో లెక్క ఉంటుంది. ఒళ్లు దురద, ఆయాసం, వణుకు, నడుము నొప్పి మొదలైనా అదే పని, పిలవడమే.

డాక్సోరూబిసిన్ అనే కీమో మందు ఎరుపు రంగులో ఉంటుంది. దాని తర్వాత ఒకట్రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తే భయం లేదు, రక్తం కాదు. ఆక్సాలిప్లాటిన్ అనే మందు ఎక్కితే కొన్ని రోజులు చల్లనిది ముట్టొద్దు. ఫ్రిజ్ నీళ్లు తాగితే గొంతు బిగుసుకుపోయినట్టవుతుంది, చల్లటి గిన్నె పట్టుకుంటే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మీరు ప్రేమతో తెచ్చిన చల్లటి కొబ్బరిబోండం అప్పుడు శిక్ష అవుతుంది. ఏ కీమో అయినా 48 గంటలపాటు అతని వాంతి, మూత్రం తుడిచేటప్పుడు చేతికి గ్లవ్స్ వేసుకోండి, బాత్రూంలో రెండుసార్లు నీళ్లు పోయండి. వాంతుల మాత్ర వాంతి వచ్చాక కాదు, చీటీలో రాసిన టైముకు ముందే వేయించండి.

ఆడవాళ్ల వార్డులో రాత్రి మగ అటెండెంట్‌ను ఉండనీయరు. దోస్తు ఆడమనిషైతే రాత్రి తోడు ఎవరో ముందే తేల్చుకోండి, పగటి పనులు, కాగితాలు, మందులు మీరు చూసుకోండి. తిండికి దవాఖానల దగ్గర జీహెచ్ఎంసీ 5 రూపాయల భోజనం దొరుకుతుంది, మధ్యాహ్నం తొందరగానే లైన్‌లో నిలబడండి. పడుకోవడానికి ఎల్బీనగర్, వనస్థలిపురంలో నల్లగొండోళ్లు, ఆరాంఘర్, కాటేదాన్ వైపు పాలమూరోళ్లు ఎవరో ఒకరు ఉంటారు. ఆ ఇంట్లో ఎవరికీ జ్వరం, దగ్గు లేవని అడిగాకే దిగండి. అడగడానికి మొహమాటం పడొద్దు, ఎందుకో చెప్తే అర్థం చేసుకుంటారు.

రక్తం

బ్లడ్ బ్యాంకు నుంచి కబురొస్తే ఊరి నుంచి పది మంది పిల్లలు ఒకే జీపులో దిగుతారు. మనసు గొప్పదే, లెక్క తప్పు. ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టించే కణాలు) 5 రోజులకు మించి నిల్వ ఉండవు. పది మంది ఒకేరోజు ఇస్తే మొదటి వారం మిగులుతుంది, రెండో వారానికి మనిషి ఉండడు. పేరు, గ్రూపు, ఫోన్, ఆఖరుసారి ఇచ్చిన తారీఖు రాసి, రోజుకు ఇద్దరిని పిలిచేలా పట్టిక పెట్టుకోండి.

రక్తం ఇచ్చేటోళ్లకు 18 ఏండ్లు నిండాలి, బరువు 45 కిలోలకు తగ్గొద్దు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజుల ఎడం కావాలి. ఏడాదిలోపు పచ్చబొట్టు పొడిపించుకున్నోళ్లను తీసుకోరు. రాత్రి తాగినోళ్లను, పొద్దున తినకుండా వచ్చినోళ్లను తీసుకురావొద్దు. యంత్రం మీద ప్లేట్‌లెట్లు ఇవ్వాలంటే గంటన్నర దాకా కూర్చోవాలి, చేతి నరం బాగా కనబడాలి, మూడు రోజులుగా ఆస్పిరిన్ వేసుకొని ఉండొద్దు. సొంత అన్నదమ్ములు, పిల్లలు డాక్టర్‌ను అడగకుండా ఇవ్వొద్దు. దగ్గరి రక్తసంబంధికుల రక్తానికి ముందు రేడియేషన్ పెట్టాల్సి ఉంటుంది, బోన్‌మారో (ఎముక మజ్జ) మార్పిడి ఆలోచన ఉంటే అసలే వద్దంటారు. ఇక్కడ అన్నకన్నా దోస్తే పనికొస్తాడు.

ఏం తీసుకుపోవాలి, ఏం వద్దు

నోరు పూసి ఉంటే సకినాలు, గారెలు, పచ్చి పులుసు మంటపెడతాయి. మెత్తటి జొన్న గట్క, పప్పన్నం, పెరుగన్నం, ఉడికించిన గుడ్డు నయం. వేడిగా, అప్పుడే వండినవే పెట్టండి. రోడ్డు పక్కన కోసి పెట్టిన పండ్లు, చెరుకు రసం, కల్లు వద్దు. నల్లగొండ బత్తాయి, అరటి లాంటి తోలు ఉన్న పండ్లను కడిగి మీ చేతులతో ఒలిచి ఇవ్వండి. బాలానగర్ సీతాఫలం తెస్తే పగిలినవి ఏరేసి తెండి. నోటి పుండ్లకు లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా తినే సోడా కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించమనండి, మింగొద్దు.

దోస్తుది కిడ్నీ జబ్బైతే, డయాలిసిస్ మీదుంటే, బత్తాయిలు, కొబ్బరినీళ్లు తీసుకుపోకండి. వాటిలో పొటాషియం ఉంటుంది, పెరిగితే గుండె ఆగే ప్రమాదం. ఆకు పసర్లు, చూర్ణాలు ఎవరు ఇచ్చి పంపినా డాక్టర్‌కు చూపించకుండా తాగించొద్దు, లివర్ మీద కీమో భారం ఇప్పటికే ఉంది.

ఊరికి తీసుకుపోయేటప్పుడు

పొద్దున, సాయంత్రం రద్దీ తప్పించి పదకొండు గంటల ప్రాంతం బస్సు చూసుకోండి. డీలక్స్‌కో సూపర్ లగ్జరీకో చార్జీ పెట్టుకున్నా పర్వాలేదు, ముందు వరసలో కిటికీ సీటు ముఖ్యం. వెనక సీట్లలో కుదుపుకే సగం వాంతులవుతాయి.

తెల్లకణాలు పెంచే ఇంజెక్షన్లు రాసిస్తే అవి 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. వెడల్పు మూతి ఫ్లాస్క్ తీసుకోండి. అడుగున ఐస్ జెల్ ప్యాక్, దాని మీద రెండు మడతల కాటన్ గుడ్డ, గుడ్డ మీద డబ్బాతో సహా ఇంజెక్షన్, పైన ఇంకో గుడ్డ. ఐస్ నేరుగా తగిలితే మందు గడ్డకట్టి పాడైపోవచ్చు, చూస్తే మాత్రం మామూలు నీళ్లలాగే ఉంటుంది. ఇంట్లో ఫ్రిజ్ తలుపు అరలో, ఐస్ గదిలో పెట్టొద్దు, నడుమ అరలో పెట్టండి. కీమో అయ్యి 24 గంటలు దాటాకే మొదటిది. పీహెచ్‌సీ సిస్టర్‌తో చర్మం కింద వేయించండి.

జ్వరం సంగతి ఇంట్లో అందరికీ రెండుసార్లు చెప్పండి. డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొనివ్వండి. 100.4 ఫారెన్‌హీట్‌కు చేరితే పారాసిటమాల్ వేసి పొద్దుటిదాకా చూద్దామనొద్దు. ఆ మాత్ర జ్వరాన్ని దాస్తుంది, లోపల ఇన్‌ఫెక్షన్ పెరుగుతూనే ఉంటుంది. ఇట్లాంటి జ్వరానికి యాంటీబయాటిక్ సెలైన్ గంటలోపు మొదలవ్వాలంటారు డాక్టర్లు. పట్నానికి రెండున్నర, మూడు గంటలు పడుతుంది. కాబట్టి 108కు చేసి ముందు నల్లగొండ లేదా మహబూబ్‌నగర్ సర్కారు పెద్దదవాఖానకు పోవాలి, ఫైల్ మొదటి కవర్ చూపించి "కీమో పేషెంట్, ఫలానా రోజు ఎక్కించిన్రు" అని గేటు దగ్గరే చెప్పాలి. ఊరి ఆర్ఎంపీ చేత తుంటికి సూది వేయించొద్దు, ప్లేట్‌లెట్లు తక్కువుంటే లోపలే రక్తం కారి గడ్డకడుతుంది.

ఊర్లో

అమ్మానాయనకు మీ వరస ముందే ఫోన్‌లో చెప్పండి. కొడుకు పట్నం దాకా వచ్చి ఇంటికి రాలేదంట అని ఊర్లో వినడం వాళ్లకు కష్టంగా ఉంటుంది. ఏ తారీఖుకు వస్తారు, ఎన్ని రోజులుంటారు చెప్తే ఆ లెక్క పెట్టుకొని ఎదురుచూస్తారు. వచ్చినరోజే స్నానం, బట్టలు వేడినీళ్లలో, తర్వాత అందరి మధ్యకు. వాళ్ల బీపీ, షుగర్ మందులు ఎన్ని రోజులకున్నాయో కూడా చూడండి. దవాఖాన చుట్టూ తిరిగిన మనసు సొంత తల్లి మాత్రల డబ్బాను మరిచిపోతుంది.

మీరు ఊర్లో దిగిన గంటకే దోస్తు తల్లి వాకిట్లోకి వస్తుంది. ఆమెకు ఏం చెప్పాలో పట్నం వదిలేముందే దోస్తునడగండి. జబ్బు పేరు ఆమెకు తెలుసా, ఎంతదాకా తెలుసు, అతను చెప్పొద్దన్నది ఏంటి. ఆమె "మంచిగైతదా బిడ్డా" అని అడుగుతుంది. అవునని ఒట్టేయొద్దు, కాదని తల దించుకోవద్దు. చూసింది చెప్పండి: "పెద్దమ్మా, పొద్దున రెండు ఇడ్లీలు తిన్నడు. వార్డులో ఆ చివరి దాకా నడిచిండు. నువ్వు పంపిన తొక్కు అడిగిండు, డాక్టర్ ఇంకో వారం ఆగమన్నడు." ఆమె పక్కన కూర్చొని చెప్పండి, నిలబడి కాదు. ఆమె ఫొటో అడిగితే దోస్తు సరేనన్నదే చూపించండి. జుట్టు ఊడిన ఫొటో ఊరి వాట్సాప్ గ్రూపులో పడితే అతను మీకు మళ్లీ తలుపు తీయడు.

పైసలు ఇవ్వాలనుకుంటే దోస్తు చేతిలో కాకుండా అతని భార్య చేతికి, పదిమంది లేనప్పుడు, దేనికో చెప్పి ఇవ్వండి: "ఇవి వచ్చే రెండు ఇంజెక్షన్లకు." ఊర్లో చందా వేయాలనుకుంటే ముందు వాళ్లిద్దరి ఒప్పుకోలు, తర్వాత ఒకే ఖాతా, ఎవరెంత ఇచ్చారో ఒకే నోటుబుక్.

తిరిగి బండెక్కేముందు వచ్చే సైకిల్ తారీఖుకు ఎవరు పోతారో పక్కా చేయండి. ఊర్లో ఉన్న మిగతా దోస్తుల్లో ఒకరిని కూర్చోబెట్టి, ఫైల్ మొదటి కవర్ కాగితం జిరాక్స్, రక్తం ఇచ్చేటోళ్ల పట్టిక, ఆరోగ్యమిత్ర కౌంటర్ ఎటువైపుందో, ఫ్లాస్క్ ఎట్లా సర్దాలో చూపించి అప్పజెప్పండి. ఫ్లాస్క్ కూడా అతని దగ్గరే ఉంచి రండి.